అద్దానికి అవతలి వైపు

ఇల్లు కట్టుకునేవాళ్లు కిటికీల దగ్గరికి వచ్చేసరికి అడిగే మొదటి మాట ఒకటే: టేకు పెడదామా, అల్యూమినియమా, యూపీవీసీనా? దుకాణాల్లో జవాబు కూడా ఆ మాటకే సిద్ధంగా ఉంటుంది. అడ్డంగా కోసిన నమూనా ముక్కలు బల్ల మీద పెట్టి లోపల ఎన్ని అరలున్నాయో, రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో, ఎన్నేళ్ల గ్యారంటీయో చెబుతారు. ఆ కిటికీని రేపటి నుంచి ఎవరు తుడుస్తారు, ఎక్కడ నిలబడి తుడుస్తారు, అద్దానికి అవతలి వైపు చెయ్యి ఎలా అందుతుంది అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. దుకాణానికి వెళ్లి బేరమాడేది ఒకరు, ఆ తర్వాత తడిగుడ్డ పట్టుకునేది ఇంకొకరు కావడం ఇందుకు కొంత కారణం.

నన్నడిగితే ఈ వరస తిరగబడాలి. రెక్క ఎటు తెరుచుకుంటుంది, గ్రిల్లు ఎక్కడ కూర్చుంటుంది, దోమతెర ఊడి వస్తుందా, వాన నీళ్లు ఎటు పోతాయి? ఇవి తేలాక సరుకు సంగతి మాట్లాడుకోవచ్చు. ఎంత ఖరీదైన సరుకైనా చెయ్యి అందని చోట ఉంటే మసకబారక మానదు.

మన పాత ఇళ్లలో ఈ చిక్కు లేదు. పెంకుటిళ్లలో, కోనసీమ మండువా లోగిళ్లలో కిటికీ అంటే చెక్క చౌకట్టు, నిలువు ఊచలు, కింద రెండు పైన రెండు రెక్కలు. అద్దం అరుదు. చెక్క రెక్క మీద దుమ్ము పడినా ఎదురుగా వచ్చి పలకరించదు. సంక్రాంతికో దసరాకో ఇల్లంతా బూజు దులిపేటప్పుడు దానికీ ఓ గుడ్డ తగిలేది, అంతే. పైగా ఇల్లు నేల మీదే ఉండేది కాబట్టి అరుగు ఎక్కితే అవతలి వైపూ అందేది. అద్దం వచ్చి, ఇల్లు మూడో అంతస్తుకీ ముప్ఫయ్యో అంతస్తుకీ ఎక్కాక, అరుగు పోయింది కానీ అవతలి వైపు అలాగే మిగిలింది. ఇప్పటి కిటికీ కష్టమంతా అక్కడ మొదలైందే.

రెక్క తెరుచుకునే తీరు చూద్దాం. బయటికి తెరుచుకునే రెక్క మనకు బాగా అలవాటైనది. గదిలో చోటు తినదు, పరదాకు అడ్డు రాదు, వాన కొట్టినా నీళ్లు లోపలికి రావడం తక్కువ. శుభ్రానికి వచ్చేసరికి మాత్రం ఇది మొండిది. రెక్కను బారుగా తెరిస్తే దాని బయటి ముఖం మనకు పూర్తిగా వీపు తిప్పేస్తుంది. మామూలు బందులైతే రెక్కకూ చౌకట్టుకూ మధ్య వేలు కూడా దూరదు. దీనికి విరుగుడు ఉంది: ఫ్రిక్షన్ స్టే అని పిలిచే స్టీలు పట్టీల్లో కొన్ని రకాలు తెరిచేటప్పుడు రెక్కను చౌకట్టు అంచు నుంచి మధ్యకు జరుపుతాయి. అప్పుడు బందు వైపు నాలుగంగుళాల సందు ఏర్పడుతుంది. ఆ సందులోంచి చెయ్యి పెట్టి బయటి అద్దం తుడవచ్చు. ధరలో తేడా కొద్దిదే, కానీ అడిగి వేయించుకోవాలి. అడగకపోతే వడ్రంగి గానీ ఫ్యాబ్రికేటర్ గానీ తన దగ్గర ఉన్నదే బిగిస్తాడు.

లోపలికి తెరుచుకునే రెక్క తుడవడానికి అన్నిటికన్నా తేలిక. రెండు ముఖాలూ గదిలోకే వస్తాయి, నేల మీద నిలబడి పని ముగించవచ్చు. జర్మనీ ఇళ్లలో సర్వసాధారణంగా ఉండే టిల్ట్ అండ్ టర్న్ కిటికీ ఈ కుటుంబానిదే. పిడి ఒకలా తిప్పితే పై అంచు మాత్రం లోపలికి వాలుతుంది, ఇంకోలా తిప్పితే రెక్కంతా తలుపులా తెరుచుకుంటుంది. హైదరాబాద్ విల్లాల్లోనూ ఇవి కనిపిస్తున్నాయి. చిక్కేమిటంటే తెరిచిన ప్రతిసారీ కిటికీ అరుగు మీద పెట్టిన సామాను తీయాలి, పరదా పక్కకు నెట్టాలి. అడుగు అంచు రబ్బరు పాడైతే వాన సరాసరి గదిలోకే వస్తుంది. పిడి లోపలి యంత్రాంగం చెడితే వీధి చివరి మెకానిక్‌కు అది కొత్త. కంపెనీ మనిషి దొరికే ఊళ్లోనే దాన్ని పెట్టుకోవాలి.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు మరో రకం తెలుసు. అక్కడి ఇళ్లలో పైకీ కిందికీ జారే రెండు పలకల కిటికీలు ఎక్కువ. కొత్తవాటిలో పై అంచున ఉన్న రెండు గొళ్లేలు నొక్కితే పలక మన మీదికి వాలుతుంది, బయటి ముఖం ఇంట్లోంచే తుడిచేయవచ్చు. సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడెందుకు లేదని అడుగుతుంటారు. ఆ కిటికీ ముందు మనలా ఇనుప గ్రిల్లు ఉండదు, తెరను ఊడదీసి పెట్టుకునే వీలుంటుంది. మన గోడలో ఆ కిటికీని దించితే గ్రిల్లు ఎక్కడ పెట్టాలన్న గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక స్లైడింగ్. ఇవాళ అపార్టుమెంట్లలో నూటికి తొంభై కిటికీలు ఇవేనేమో అనిపిస్తుంది. గదిలోకీ రావు, బయటికీ పోవు, గాలికి కొట్టుకోవు. ఒక పలకను జరిపి సందులోంచి చెయ్యి పెట్టి రెండో పలక బయటి ముఖాన్ని తుడవచ్చు. పలక వెడల్పు రెండడుగుల లోపు ఉన్నంతవరకే ఈ మాట నిజం. ఐదడుగుల కిటికీని రెండు పలకలుగా చేస్తే ఒక్కోటి రెండున్నర అడుగులు. అవతలి అంచు చేరాలంటే భుజం దాకా బయటికి వంగాలి. మూడో అంతస్తులో అలా వంగమని ఎవరికీ చెప్పకూడదు, ముఖ్యంగా జీతానికి పనిచేసే మనిషికి. అందుకే వెడల్పు కిటికీని మూడు పలకలుగా చేయించడం మంచిది. మంచి స్లైడింగ్ పలకను పైకి ఎత్తి ట్రాకులోంచి లోపలికి తీసేయవచ్చు కూడా. దొంగలు ఎత్తకుండా పైన చిన్న దిమ్మలు పెడతారు. అవి లోపలి నుంచి స్క్రూ తీస్తే వచ్చేలా ఉన్నాయో లేదో బిగించే రోజే చూసుకోవాలి.

స్లైడింగుకు మరో లోటుంది, దాన్ని దుకాణంలో చెప్పరు. పలకలు ఒకదాని మీద ఒకటి జారాలి కాబట్టి మధ్య సందును గట్టి రబ్బరుతో మూయడం కుదరదు, బ్రష్షులాంటి నూగు పట్టీ పెడతారు. సన్నటి దుమ్ము ఆ నూగులోంచి వస్తూనే ఉంటుంది. రెక్క కిటికీలో రబ్బరు మీద రెక్క నొక్కుకుని కూర్చుంటుంది కాబట్టి దుమ్ము చాలావరకు బయటే ఆగుతుంది. కాబట్టి రోడ్డు పక్క ఇంట్లో స్లైడింగ్ పెట్టుకుంటే కిటికీ ఒక్కటే కాదు, టీవీ బల్లా మంచమూ అలమరా కూడా రోజూ తుడుచుకోవాలి. మెట్రో పనులూ ఫ్లైఓవర్ పనులూ ఏళ్లకేళ్లు సాగిన వీధుల్లో ఉన్నవాళ్లకు ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

అసలు పీటముడి గ్రిల్లు. పై నుంచి వచ్చే దొంగకో, తెలంగాణ పల్లెల్లో వంటింటి దాకా వచ్చే కోతులకో, చంటిపిల్లలు పడిపోతారన్న భయానికో, గ్రిల్లు లేని కిటికీని మనం ఊహించుకోలేం. అది అద్దానికి ఏ వైపు ఉందన్న దాన్ని బట్టే కిటికీ భవిష్యత్తు ఉంటుంది. గ్రిల్లు లోపల, రెక్క బయట ఉంటే మేడ మీద బయటి అద్దాన్ని తుడవడం ఊచల సందులోంచి చేసే కసరత్తు. గ్రిల్లు బయట, రెక్క లోపలికో పక్కకో కదిలేలా ఉంటే పని నడుస్తుంది. అయితే గ్రిల్లుకూ అద్దానికీ మధ్య కనీసం నాలుగైదు అంగుళాలు వదలాలి. గోడ మందంలోనే గ్రిల్లును అద్దానికి ఆనించి బిగించిన ఇళ్లు కోకొల్లలు. అక్కడ గుడ్డ దూరుతుంది కానీ దాన్ని పట్టుకున్న చెయ్యి దూరదు.

గ్రిల్లు డిజైను మీద కూడా నాకో పట్టింపు ఉంది. మెలికలు, పువ్వులు, నెమళ్లు, అడ్డపట్టీలు అన్నీ దుమ్ముకు అరలు. అడ్డపట్టీ మీద పావురం కూడా కూర్చుంటుంది. నిలువు ఊచ మీద ఏదీ నిలవదు, గుడ్డతో పై నుంచి కిందికి ఒక్క లాగు లాగితే చాలు. మన పాత చౌకట్టులో ఊచలన్నీ నిలువుగానే ఉండేవి. అంతకు మించిన గ్రిల్లును ఇంకా ఎవరూ కనిపెట్టలేదని నా అభిప్రాయం. పూలకుండీలు పెట్టుకోవడానికి గోడ బయటికి పొడుచుకొచ్చేలా చేసే పెట్టె గ్రిల్లు చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కుండీ నీళ్లు ఇనుము మీదుగా కారి గోడ మీద తుప్పు చారలు గీయడానికి ఒక వానాకాలం చాలు. ఈ మధ్య సన్నటి స్టీలు తీగలతో కనబడని గ్రిల్లులు వస్తున్నాయి. తుడవడానికి ఇవి బాగున్నాయి. ఏ గ్రిల్లు పెట్టినా, ఇంట్లో కనీసం ప్రతి పడకగదికీ ఒక్క కిటికీ గ్రిల్లు తలుపులా తెరుచుకుని లోపలి నుంచి తాళం వేసుకునేలా ఉండాలి. అది తుడవడానికి ఎంత అక్కరో, నిప్పంటుకున్నప్పుడు బయటపడడానికి అంతకన్నా ఎక్కువ అక్కర.

దోమతెర మాటకొస్తే, మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే, బేగంపేటలో. నూరేళ్లు దాటినా ఆ నగరంలో దోమతెర లేకుండా కిటికీ తెరిచే ధైర్యం మనకు లేదు. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి సాయంత్రం తలుపులు వేసుకుంటే సరిపోతుందన్న పాత లెక్క కూడా చెల్లదు. తెర తప్పదు. ఏ తెర అన్నదే ప్రశ్న. వెల్క్రో పట్టీతో అంటించే నైలాన్ తెర చవక, ఊడదీసి బకెట్లో ఉతుక్కోవచ్చు. కానీ ఎండకు పట్టీ జిగురు కరిగి చౌకట్టు మీద నల్లటి జిడ్డు మిగులుస్తుంది. ఫైబర్ గ్లాసు తెర మెత్తగా ఉంటుంది, పిల్లి గోరుకు చిరుగుతుంది. మడతల తెర అందంగా ముడుచుకుంటుంది గానీ ఆ మడతల్లో చేరిన దుమ్మును తీయడం గగనం, లాగే దారాలు తెగితే కంపెనీ వాణ్ణి పిలవాల్సిందే. చౌకట్టులో బిగించిన స్టెయిన్‌లెస్ స్టీలు తెర, దానికి తనదైన ట్రాకు, ఎత్తి తీయగలిగే వీలు: రోజువారీ వాడకానికి ఇదే నిలబడుతుంది. మామూలు దోమతెరలో అంగుళానికి ఒకవైపు 18, మరోవైపు 16 పోగులుంటాయి. ఆ సందులు మిల్లీమీటరు కన్నా కాస్త పెద్దవి. రెండు నెలలు తుడవకపోతే దుమ్ము వాటిని పూడ్చేసి గాలిని ఆపుతుంది. గాలి రావడం లేదని ఏసీ వేసుకునే ఇళ్లలో కొన్నిటికి కావాల్సింది ఓ బకెట్టు నీళ్లూ బ్రష్షూ.

స్లైడింగ్ ట్రాకు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే కిటికీ చెడేది చాలాసార్లు అక్కడే. ట్రాకులో పడ్డ ఇసుక మీద చక్రాలు తిరిగితే రెండూ అరుగుతాయి. జరపడం బరువవుతుంది, అప్పుడు ఎవరో కొబ్బరినూనె పోస్తారు. నూనెకు దుమ్ము అతుక్కుని ముద్దవుతుంది, మరో నెలకు పలక అసలే కదలదు. ట్రాకును ముందు పొడిగా ఊడ్చి, వాక్యూమ్ ఉంటే దానితో లాగి, తర్వాత తడిగుడ్డ వేయాలి. చక్రాలకు కావాలంటే సిలికాన్ స్ప్రే చాలు. ట్రాకు అడుగున బయటి వైపు చిన్న రంధ్రాలుంటాయి. వాన నీళ్లు ట్రాకులో నిండకుండా బయటికి పోయేది వాటిలోంచే. పెయింటరు లప్పం పూసేటప్పుడు వాటిని మూసేయడం, సిలికాన్ పెట్టే కుర్రాడు అందంగా ఉంటుందని అక్కడా పూయడం మామూలే. మొదటి తుపాను వానకు నీళ్లు లోపలికి పొంగి సోఫా తడిసాక కిటికీ కంపెనీని తిడతారు. చీపురుపుల్లతో పొడిచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కొనేటప్పుడే ట్రాకు మీద విడిగా తొడిగిన స్టీలు పట్టీ ఉన్నదాన్ని ఎంచుకుంటే, అరిగిన రోజు పట్టీ మార్చుకుంటే సరిపోతుంది, చౌకట్టు పీకనక్కర్లేదు.

ఇప్పుడు సరుకు. టేకు మీద మనకున్న మమకారం అందరికీ తెలిసిందే. అసలైన ముదురు టేకుకు చెద పట్టదు, వంకర పోదు. ఇప్పుడు దుకాణాల్లో టేకు పేరుతో దొరికే లేత చెక్కకు ఆ గుణాలన్నీ ఉంటాయనుకోలేం. వేప, మద్ది లాంటివి వానాకాలంలో ఉబ్బి రెక్క పడదు, ఎండాకాలంలో సందులు తేలతాయి. గోదావరి జిల్లాల్లో రెక్క ఉబ్బిందని వడ్రంగి చేత చిత్రిక పట్టించి, వేసవిలో అదే రెక్క వదులైందని మళ్లీ పట్టీ కొట్టించే ఇళ్లున్నాయి. చెక్క కిటికీ అంటే మూడు నాలుగేళ్లకోసారి పెయింటో పాలిషో తప్పని బాధ్యత, ముఖ్యంగా పడమటి గోడకు. ఆ ఖర్చును ముందే ఒప్పుకున్నవాళ్లకు చెక్క ఇప్పటికీ మంచిదే. గీత పడితే గీసి, చిల్లు పడితే పూడ్చి, ఊళ్లోని ఏ వడ్రంగైనా బాగుచేయగలడు. వేరే ఏ సరుకుకూ ఈ సుగుణం లేదు.

యూపీవీసీ అంటే మెత్తదనం కోసం కలిపే నూనెలు కలపని పీవీసీ. చెద పట్టదు, తుప్పు పట్టదు, పెయింటు అడగదు. ఎండకు కాపాడేది అందులో కలిపే టైటానియం డయాక్సైడ్. అది తక్కువ పడిన చవక సరుకు మన ఎండకు పసుపెక్కి పెళుసవుతుంది. తెలుపు రకాన్ని తుడిస్తే తెల్లగా ఉంటుంది, ముదురు రంగు పొర అతికించిన రకం ఎండకు ఎక్కువ వేడెక్కుతుంది. దీని గట్టిదనమంతా లోపల దూర్చిన జింకుపూత ఇనుము మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఆ ఇనుము మందమెంతో, ఏయే ముక్కల్లో పెడుతున్నారో అడిగి రాయించుకోవాలి. కిటికీ మీద పడ్డ పెయింటు మరకకు థిన్నరు వాడితే ప్లాస్టిక్ కరిగి మచ్చ శాశ్వతమవుతుంది, పీచుతో రుద్దితే మెరుపు పోతుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి గుడ్డ చాలు.

అల్యూమినియంలో చవకదీ ఖరీదుదీ మధ్య దూరం చాలా ఎక్కువ. పాత అల్యూమినియం అంటే గలగలలాడే సన్నటి పట్టీలన్న చెడ్డపేరు ఉంది, అది వట్టి మాట కాదు కూడా. మందమైన సెక్షను, పైన 60 మైక్రాన్లు దాటిన పౌడర్ పూత ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. దాని శత్రువులు రెండు, సిమెంటూ ఉప్పూ. ప్లాస్టరింగప్పుడు చిందిన తడి సిమెంటులోని క్షారం పూతనూ లోహాన్నీ తినేస్తుంది, అద్దం మీద పడితే అద్దాన్నీ తింటుంది. ఆ మచ్చలు ఏం చేసినా పోవు. అందుకే చౌకట్టు మీద రక్షణ టేపు ఉంచుతారు. ఆ టేపును గృహప్రవేశం దాకా ఉంచేసేవాళ్లూ ఉన్నారు. నెలల తరబడి ఎండకు కాగితే దాని జిగురు చౌకట్టుకు పట్టుకుని, టేపు పీలికలు పీలికలుగా ఊడుతుంది.

ఉప్పు సంగతి విశాఖ బీచ్ రోడ్డులోనో కాకినాడలోనో ఉన్నవాళ్లను అడగాలి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచి లోహాన్ని లోపల్లోపల కొరుకుతుంది. పూత మీద చిన్న గీత ఉన్నా అక్కడి నుంచి పొర కింద పాకుతుంది. అల్యూమినియం చౌకట్టులో మామూలు ఇనుప స్క్రూ బిగిస్తే రెండు లోహాలూ ఉప్పు తేమలో కలిసిన చోట అల్యూమినియం తినుకుపోతుంది. స్టెయిన్‌లెస్ అని అమ్మే సరుకులో కూడా 304 రకానికి సముద్రపు ఒడ్డున గోధుమరంగు మరకలు తేలతాయి. మాలిబ్డినం కలిపిన 316 రకం తట్టుకుంటుంది. తీరంలో నేనైతే యూపీవీసీ చౌకట్టు, 316 స్టీలు స్క్రూలూ బందులూ, నెలకోసారి మంచినీళ్లతో కడగడం అంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్లకు చేరువైన గాలితో విశాఖను తాకినప్పుడు నగరమంతా అద్దాలు రాలాయి. కాబట్టి తీరంలో కిటికీ ఎంపికకు తుడవడం ఒక్కటే కొలబద్ద కాదు. పెద్ద ఒంటి పలక అద్దం తుడవడానికి తేలికే అయినా, అక్కడ చిన్న పలకలు, గట్టిపరచిన అద్దం మేలు. గట్టిపరచిన అద్దం మూలన చెరగని ముద్ర ఉంటుంది, చూసి తీసుకోవాలి.

దుమ్ములో కూడా ఊరూరికీ తేడా ఉంది, దాన్ని బట్టి తుడిచే పద్ధతి మారాలి. విశాఖ పోర్టు చుట్టుపక్కల బొగ్గుపొడి, ఇనుప ఖనిజం ధూళి. ఇబ్రహీంపట్నం, రామగుండం వైపు థర్మల్ బూడిద. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాతి ధూళి. మిర్యాలగూడ, మండపేట లాంటి రైస్‌మిల్లు ఊళ్లలో ఊక బూడిద. ఊక బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. రాతి ధూళి కూడా గరుకే. పొడిగుడ్డతో రుద్దితే అద్దం మీద సన్నటి గీతలు పడతాయి, ఎండ ఏటవాలుగా పడినప్పుడు అవన్నీ బయటపడతాయి. ఈ ఊళ్లలో ముందు నీళ్లు చల్లి దుమ్మును కార్చేయాలి, ఆ తర్వాతే గుడ్డ. న్యూస్‌పేపరుతో రుద్దే అలవాటు ఆఖరి మెరుపుకే పరిమితం కావాలి.

ఏ నీళ్లు అన్నది కూడా ప్రశ్నే. బోరు నీళ్లలోని సున్నం ఆరాక తెల్లటి చుక్కలుగా మిగులుతుంది. ఎండలో కడిగితే మరీనూ, తుడిచేలోపే ఆరిపోతాయి. వాటర్ ప్యూరిఫయర్ వదిలే నీళ్లను పారబోయకుండా దాచి వాడుకోవడం మంచి అలవాటే. కానీ వడగట్టగా మిగిలిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి కాబట్టి అద్దాలకు అవి పనికిరావు, నేల తుడుచుకోవచ్చు. అద్దాలకు ఇంట్లో ఊరికే దొరికే మంచి నీళ్లు ఏసీ గొట్టంలోంచి కారేవి. గాలిలోని తేమ చల్లబడి నీరై వచ్చినవి కాబట్టి వాటిలో సున్నం ఉండదు. పాత తెల్లచుక్కలకు నిమ్మరసమో వెనిగరో పట్టించి కాసేపాగి కడగవచ్చు, గ్రానైటు మీదా పాలరాయి మీదా పడకుండా చూసుకోవాలి. బాత్రూము కడిగే యాసిడ్‌ను కిటికీ దగ్గరికి రానీయకండి. అల్యూమినియాన్ని, బందుల్ని అది తినేస్తుంది.

తనను తాను శుభ్రం చేసుకునే అద్దం అంటూ ఒకటి అమ్ముతున్నారు. అది బూటకం కాదు. బ్రిటన్‌లోని పిల్కింగ్టన్ కంపెనీ 2001లో ఇలాంటి అద్దాన్ని బజారుకు తెచ్చింది. బయటి ముఖం మీద టైటానియం డయాక్సైడ్ పలుచటి పూత ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది జిడ్డును విరగ్గొడుతుంది, వాన పడితే నీళ్లు చుక్కలు కట్టకుండా పలుచగా పరుచుకుని మురికిని కడిగేస్తాయి. ఎండా వానా రెండూ తగలాలన్నదే షరతు. మన కిటికీకి పైన సన్‌షేడ్ ఉంటుంది. అది ఉండాల్సిందే, లేకపోతే ఇల్లు కొలిమి అవుతుంది. కానీ సన్‌షేడ్ కింద వాన అద్దాన్ని పెద్దగా తాకదు. డిసెంబరు నుంచి మే దాకా వానలూ తక్కువే. ఇంగ్లండు చిరుజల్లుల కోసం పుట్టిన ఆ అద్దం రాయచోటిలో ఏం చేయగలదు? ఆ డబ్బు మంచి ఫ్రిక్షన్ స్టేల మీద పెట్టుకోవచ్చు. రెండు పొరల అద్దం రోడ్డు చప్పుడుకు బాగా పనిచేస్తుంది. అంచు సీలు చెడి లోపల ఆవిరి పట్టిందంటే మాత్రం ఆ మసకను తుడిచే చెయ్యి లేదు, పలక మొత్తం మార్చాల్సిందే.

వంటింటికీ బాత్రూముకూ వేరే న్యాయం. తాలింపు పొగ, అరిసెల నూనె ఆవిరి దుమ్ముతో కలిసి జిగురవుతుంది. గాడులూ గీతలూ ఉన్న చౌకట్టు అక్కడ పనికిరాదు. నునుపైన రెక్క కిటికీ, ఎత్తి తీసి వేడినీళ్లలో సోడా వేసి నానబెట్టగల స్టీలు తెర ఉంటే చాలు. స్టవ్‌కు సరిగ్గా ఎదురుగా కిటికీ పెట్టకపోతే ఇంకా మంచిది. బాత్రూములో అద్దపు పలకల లూవర్ వెంటిలేటరు గాలికి మేలే, తుడవడానికి నరకం. పలకలను ఒక్కొక్కటిగా క్లిప్పుల్లోంచి జార్చి తీసి కడగగలిగితేనే దాన్ని పెట్టుకోవాలి. గరుకు అద్దానికి మురికి పట్టేది గరుకు వైపే కాబట్టి ఆ ముఖం చెయ్యి అందే లోపలికి ఉండాలి.

మరి కిటికీలు తగ్గించుకుంటే తుడవడం తగ్గుతుంది కదా అనవచ్చు. దానికీ హద్దుంది. ఇళ్లలో కరెంటు వాడకం తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, ఇంటి నేలతో పోలిస్తే తెరుచుకునే కిటికీ వైశాల్యం కనీసం ఎంత ఉండాలో చెబుతుంది. హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణానికి నూటికి 12.5, విశాఖ లాంటి ఉక్క తీరానికి 16.66. ఇక్కడ లెక్కకొచ్చేది అద్దం కాదు, తెరుచుకునే భాగం. రెండు పలకల స్లైడింగులో సగమే తెరుచుకుంటుంది, మూడు పలకల్లో మూడింట రెండు వంతులు, రెక్క కిటికీలో దాదాపు మొత్తం. అంటే అదే గాలికి రెక్క కిటికీ చిన్నదైనా సరిపోతుంది, తుడవాల్సిన అద్దమూ తగ్గుతుంది. నేల నుంచి కప్పు దాకా కదలని అద్దం పెట్టి, పక్కన చిన్న స్లైడింగ్ పెట్టే ఇప్పటి ఫ్యాషన్ గాలికీ చేతికీ రెంటికీ చేటు. కదలని అద్దం కావాలనుకుంటే దాని పక్కనే చెయ్యి అందే దూరంలో తెరుచుకునే రెక్క ఉండాలి, కదలని భాగం వెడల్పు రెండడుగులు దాటకూడదు.

కిటికీ అరుగు రాయి కూడా మరవకూడదు. గ్రానైటు బయటికి కొద్దిగా వాలి, గోడ కన్నా రెండంగుళాలు ముందుకొచ్చి, అడుగున సన్నటి గాడి కోసి ఉంటే వాన చుక్క ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది. గాడి లేకపోతే నీళ్లు రాయి అడుగునే పాకి గోడ మీద నల్లచారలై దిగుతాయి. తాపీ మేస్త్రికి ముందే చెబితే ఆ గాడి అరగంట పని.

అపార్టుమెంటు కొనేవాళ్లకు ఈ ఎంపికల్లో చాలావరకు బిల్డరే చేసేసి ఉంటాడు. అప్పుడు నమూనా ఫ్లాటుకు వెళ్లినప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి కిటికీ దగ్గరా ఆగి, పాదాలు నేల మీదే ఉంచి, బయటి అద్దం నాలుగు మూలలనూ వేలితో తాకి చూడాలి. తాకలేని మూలలు ఎక్కువైతే, భవనాన్ని తాళ్ల మీద దిగి కడిగే మనుషుల్ని ఏడాదికి ఎన్నిసార్లు పిలుస్తారో, ఆ ఖర్చు నెలవారీ మెయింటెనెన్సులో ఉందో లేదో, తాళ్లు కట్టడానికి టెర్రస్ మీద కొక్కేలు వేశారో లేదో అడగాలి. సొంతిల్లు కట్టుకునేవాళ్లు ఫ్యాబ్రికేటర్‌తో రాసుకునే కాగితంలో చక్రాలు, బందులు, రబ్బరు పట్టీల రకమూ సైజూ రాయించుకోవాలి. ఒక్కో దానికి ఒక జత అదనంగా తీసి అట్టపెట్టెలో దాచుకోవాలి. పదేళ్ల తర్వాత ఆ చక్రం కోసం వెతికేనాటికి ఆ మోడలు ఆగిపోయి ఉంటుంది.